గెట్టు మీది కానుగతో డీజిలు ఎంత, లాభం ఎంత?

సముద్రపు నాచు నుంచి ఇంధనం తీసే ప్రయోగాలు తీర ప్రాంతాల్లో జరుగుతున్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతుకు సముద్రం లేదు గాని చెల్క గెట్ల మీద, వాగు ఒడ్డున కానుగ ఉంది. దాని గింజలో నూటికి 27 నుంచి 39 పాళ్ల దాకా నూనె ఉంటుంది. గానుగ ఆడిస్తే దాదాపు నాలుగు కిలోల గింజకు లీటరు నూనె, మూడు కిలోల పిండి వస్తాయి.

ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలం పవర్‌గూడ (ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా) గోండు మహిళలు ఈ పని చేసి చూపించారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తల తోడ్పాటుతో 2003లో ప్రపంచ బ్యాంకుకు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును అమ్మారు. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో తగ్గే లెక్క అది. వచ్చింది 645 డాలర్లు, అంటే అప్పటి ధరలో 30 వేల రూపాయలకు లోపే. పేరు పెద్దది, పైసలు చిన్నవి.

అదే 2003లో ప్రణాళికా సంఘం నివేదిక అడవి ఆముదానికి (జట్రోఫా) పెద్ద పీట వేసింది. నీళ్లు లేకున్నా కాస్తుందని నమ్మి పెట్టిన రైతులు చాలాచోట్ల నష్టపోయారు. మొక్క బతికింది, కాయ దిగలేదు. అందుకే ఎవరైనా వచ్చి ఎకరాలకు ఎకరాలు నూనె మొక్కలు పెట్టమంటే, గింజ ఎవరు కొంటారు, ఏ ధరకు కొంటారన్నది ముందు కాగితం మీద రాయించుకోండి.

కానుగను పంట చేనులో పెట్టవద్దు, నీడా వేరూ పైరును దెబ్బతీస్తాయి. గెట్టు, బంజరు, వాగు ఒడ్డు చాలు. పశువులు అంతగా మేయవు. కాపుకు నాలుగు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఒక చెట్టుకు 9 కిలోలు కాస్తే మరో చెట్టుకు 90 దాకా కాయవచ్చు, కాబట్టి బాగా కాసే చెట్టు నుంచి తాజా గింజ తెచ్చి నాటాలి, లేదా అంటు కట్టాలి. ఏటా రొట్టకు కొమ్మలు నరికే చెట్టుకు కాయ ఆశించకండి. రొట్ట కావాలా, గింజ కావాలా ముందే తేల్చుకోవాలి.

పచ్చి నూనె చిక్కగా ఉంటుంది. నేరుగా మోటారు ఇంజనులో పోస్తే మసి పట్టి పాడవుతుంది. దాన్ని డీజిలుగా మార్చడానికి వాడే మిథనాలు విషం, తొందరగా అంటుకుంటుంది. ఇంట్లో చేసే పని కాదు.

చిన్న రైతుకు చేతికందే లాభం పిండిలోనే ఉంది. అందులో నత్రజని నూటికి 4 పాళ్లు. వరి మడికి, కూరగాయలకు మంచి ఎరువు. పశువులకు మాత్రం పెట్టకండి, చేదు, విషగుణం ఉంది.