వీడియో చూసింది, అక్షరం చదవలేదు: రేపల్లె వంగతోటలో నా తప్పు

ఈసారి పైన పెట్టిన వీడియోలో పంట తక్కువ, నా తప్పు ఎక్కువ. చూసే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

రెండేళ్ళ కిందట అగ్నాస్త్రం తయారీ మీద ఒక వీడియో తీశాను. గోమూత్రంలో వేపాకు, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి వెయ్యడం, పొంగులొచ్చేదాకా కాచడం, 48 గంటలు నీడన ఉంచి వడగట్టడం, అంతా చక్కగా చూపించాను. ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి చివర్లో నా మాట సరిగ్గా రికార్డు కాలేదు. ఏముందిలే అని అక్కడ మ్యూజిక్ పెట్టేసి తెర మీద అక్షరాలు వేశాను: "ఎకరాకు 6 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయాలి."

రేపల్లె అవతల ఒక ఊళ్ళో నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ ఉంది. అరెకరంలో వంగ వేసింది. అప్పటికి మూడేళ్ళుగా నీమాస్త్రం కొడుతోంది. నీమాస్త్రంలో విడిగా నీళ్ళు కలపం కదా, వడగట్టింది వడగట్టినట్టే ట్యాంకులో పోసి కొడతాం. కాయతొలుచు పురుగు ఎక్కువైందని మనవరాలి ఫోన్లో నా వీడియో మూడుసార్లు చూసి అగ్నాస్త్రం కాచింది. కాచడంలో ఒక్క పొరపాటు లేదు. చల్లార్చి, వడగట్టి, నేరుగా ట్యాంకులో పోసింది.

రెండో రోజు పొద్దున్నే ఫోను. "నువ్వు చెప్పినట్టే కొట్టానబ్బాయ్. ఆకులన్నీ మాడిపోయినయ్."

"నీళ్ళు ఎంత కలిపావు పిన్నీ?"

"నీళ్ళు కలపమని నువ్వెక్కడ చెప్పావు?"

చెప్పలేదు. రాశాను. పిన్నికి చదువు రాదని నాకు తెలుసు, అయినా వీడియో తీసేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు. తోట మొత్తం పోలేదు గానీ రెండు కోతల కాయలు పోయాయి. అరెకరం మీద బతికే మనిషికి రెండు కోతలంటే చిన్న విషయం కాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ మొన్నమొన్నటిదాకా ఉమ్మడి గుంటూరు జిల్లాయే. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత దాదాపు 67 శాతం. ఆడవాళ్ళ వరకే చూస్తే 60 దగ్గరే ఆగింది. అంటే పదిమందిలో నలుగురికి తెర మీద రాత ఒట్టి గీతలే. ప్రకృతి వ్యవసాయంలో పేడ ఎత్తేది, జీవామృతం కలిపేది, కషాయం పొయ్యి మీద పెట్టేది ఎక్కువగా ఆ ఆడవాళ్ళే. చదవగలిగిన మగవాళ్ళు వీడియో చూసి లైకు కొట్టి ఊరుకుంటున్నారు (నాతో సహా అనుకోండి).

ఈ సమస్యకి నాకంటే ముందే తల బద్దలు కొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరులో ఒక పరిశోధన పనిగా మొదలైంది. వాళ్ళ పద్ధతి సులువు. ఊళ్ళో రైతుల చేతే చేయించి చిన్న వీడియో తీస్తారు. అరచేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో అదే చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళకి గోడ మీద వేసి చూపిస్తారు. అసలు సంగతి ప్రొజెక్టర్లో లేదు. పక్కన ఒక మనిషి నిలబడి, మధ్యలో వీడియో ఆపి "ఇప్పుడేం కలిపారు? ఎంత కలిపారు?" అని అడుగుతారు. తర్వాత పొలానికి వెళ్ళి ఎవరు చేశారో చూస్తారు. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం వీడియోలకి కూడా ఈ పద్ధతి వాడారు.

నేనూ ఒక ప్రొజెక్టర్ అరువు తెచ్చుకుని బాపట్ల వైపు ఇసుక నేలల ఊరికి వెళ్ళాను. వేరుశనగ, కూరగాయలు వేసే డ్వాక్రా సంఘం. వంటలు అయ్యాక రాత్రి ఎనిమిదింటికి బడి గోడ మీద వేశాం. పది నిమిషాల వీడియోకి గంటంబావు పట్టింది. ఒకావిడ లేచి, "మీ బిందె, మా బిందె ఒకటేనా?" అంది. ఇన్నేళ్ళలో కింద కామెంట్లలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి అక్కడే కూర్చుని లెక్క మార్చుకున్నాం. 200 లీటర్లకి 6 లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకుకి దాదాపు అర లీటరు. అంటే లీటరు నీళ్ళ సీసాలో సగం. ఇక ఎవరికీ లెక్క అక్కర్లేదు, సీసా చాలు.

అదే ఊళ్ళో ఇంకోటి గమనించాను. అక్షరం రాని ఆడవాళ్ళు కూడా విత్తనాల బస్తా మీద 5204 చూడగానే "బీపీటీ" అనేస్తున్నారు. బాపట్లలోనే పుట్టిన రకం కదా, కళ్ళకి అలవాటు. అంకెలు కూడబలుక్కుని కాదు, బొమ్మని చూసినట్టు మొత్తం ఒకేసారి గుర్తుపడుతున్నారు.

టీసీఎస్ వాళ్ళ కంప్యూటర్ అక్షరాస్యత పాఠాల కిటుకు సరిగ్గా ఇదే. ఆ సంస్థ తొలి అధిపతి ఎఫ్.సి. కోహ్లీ ఆలోచనతో 2000లో మొదలుపెట్టారు. మొదటి ప్రయోగం మన తెలుగులోనే, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో. అ, ఆ, ఇ, ఈ వరసలో కాకుండా, తెలిసిన వస్తువు బొమ్మ చూపించి, మాట వినిపించి, ఆ మాట రూపాన్ని ముందు గుర్తుపట్టిస్తారు. తర్వాత దాన్ని అక్షరాలుగా విడగొడతారు. పాత కంప్యూటర్లే వాడారు. రోజంతా కూలికి పోయొచ్చిన మనిషికి 40 నుంచి 50 గంటల పాఠాలతో పేపరు చదివే స్థాయి రావాలని వాళ్ళ లెక్క. చదవడం వరకే దాని పట్టు. రాయడం విడిగా నేర్చుకోవాల్సిందే.

ఇక్కడ మీలో కొందరు అడిగేది నాకు తెలుసు. ఇప్పుడు ఫోన్లో తెలుగులో మాట్లాడితే తెలుగులో జవాబు చెప్పేవి వచ్చేశాయి, వాట్సప్‌లో వాయిస్ పెట్టొచ్చు, ఇంకా ఈ వయసులో అక్షరాలెందుకు అని. నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను. తెనాలిలో ఆకుకూరలు అమ్మే ఒక అక్క దగ్గర కూర్చున్న రోజు ఆ ఆలోచన పోయింది. డబ్బు పడగానే సౌండ్ బాక్స్ "ఇరవై రూపాయలు" అని అరుస్తుంది, అక్కకి ధైర్యం. ఆ రోజు సౌండ్ బాక్స్ చార్జింగ్ అయిపోయింది. ఇద్దరు కొనుక్కుని, ఫోన్ చూపించి, "కొట్టేశాం" అని వెళ్ళిపోయారు. సాయంత్రం చూస్తే ఒకళ్ళ డబ్బు పడలేదు. వాళ్ళు చూపించిన తెరలో ఏముందో అక్కకి తెలియదు. మాట్లాడే యంత్రం ఉన్నంతసేపే మన తెలివి, అది మూగబోతే మళ్ళీ మొదటికే.

మళ్ళీ పిన్ని దగ్గరికి వస్తాను. తోట మాడిన ఏడాదే సంఘం వాళ్ళు ఊళ్ళో కషాయాలు, ఘనజీవామృతం అమ్మే చిన్న షాపు పెడదామనుకున్నారు. కాచడంలో పిన్నిని మించినవాళ్ళు లేరు, నువ్వే చూసుకో అన్నారు. పిన్ని వద్దంది. "సరుకు నాది, పుస్తకం ఇంకోళ్ళదైతే ఎట్టా?" అంది. ఎవరికి ఎన్ని లీటర్లు, ఎంత బాకీ, ఏ తేదీన కాచింది, ఏ డబ్బా ఏది, ఇవన్నీ రాయాలి. పీజీఎస్ సర్టిఫికెట్‌కి కనీసం అయిదుగురు రైతులు గ్రూపుగా చేరాలి. ఒకరి పొలం ఒకరు చూడాలి, ఏం వేశామో నమోదు చెయ్యాలి. అక్కడా అదే బాధ. ఐసీఆర్పీగా వెళ్ళి పక్క ఊళ్ళో నేర్పాలన్నా రిజిస్టరు ఉంటుంది. నేర్పే పనితనం పిన్ని చేతిలో ఉంది, జీతం మాత్రం రిజిస్టరు దగ్గర ఆగిపోతోంది.

తెనాలి నుంచి రేపల్లె పాసింజరు ఎక్కితే మధ్యలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అక్కడి స్తూపంలో దొరికిన ధాతు కరండాల మీది రాత దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. మన తెలుగు లిపి పూర్వీకుల్లో దాన్నీ చెప్తారు. ఆ స్టేషను దాటిన ప్రతిసారీ ఎదుటి సీట్లో గంప పట్టుకుని, "రేపల్లె ఎన్నో స్టేషనయ్యా?" అని అడిగే ముసలమ్మలు కనబడతారు. నాకు ఆ ప్రయాణం కొంచెం కష్టంగానే ఉంటుంది.

వయోజన విద్య అంటే నవ్వేవాళ్ళకి నెల్లూరు గుర్తుచేస్తాను. 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ చదివిన దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా బంద్ అయింది.

ఇప్పుడు కేంద్రం ఉల్లాస్ అని 2022 నుంచి 2027 వరకు నడుపుతోంది. 15 ఏళ్ళు దాటిన ఎవరైనా చేరొచ్చు, నేర్పేది వాలంటీర్లు. ఫోన్ యాప్‌లో పాఠాలుంటాయి. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 మార్కుల చొప్పున 150కి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అక్షరాలతో పాటు డబ్బు లావాదేవీలు, ఫోన్ వాడకం, చేతిపని శిక్షణ కూడా అందులో భాగమే. పిన్నికి ఇంటరు చదివే మనవరాలే టీచరు. అయితే యాప్ తెరిచి చేతిలో పెడితే పిన్ని పది నిమిషాల్లో నిద్రపోయేది. దాంతో మేం బీపీటీ కిటుకు పట్టాం. ఆవిడకి రోజూ పనికొచ్చే ఇరవై మాటలు అట్టముక్కల మీద రాసి ఆయా డబ్బాలకే కట్టాం: బెల్లం, వేప, పేడ, పొగాకు, నీళ్ళు, లీటరు, బాకీ. నెల తర్వాత యాప్‌లో అవే అక్షరాలు ఎదురయ్యేసరికి పిన్ని మెలకువగా ఉండటం మొదలుపెట్టింది. "ఇది మన బెల్లంలో బ కదే!" అని మనవరాలితో వాదన.

ఇంకా పూర్తిగా రాలేదు. వత్తులు తడబడతాయి, 'అగ్నాస్త్రం' అనే మాట మీద ఇప్పటికీ పంచాయితీయే. కానీ షాపు పుస్తకం ఈ సంక్రాంతి నుంచి ఆవిడే రాస్తోంది. పేర్లు పొట్టిగా రాస్తుంది, అంకెలు మాత్రం తప్పు పోవు. డ్రమ్ము మీద ఎర్ర రంగుతో పెద్దగా 6, దాని కింద 200 అని తనే వేసింది. వీడియోలో నాలుగో నిమిషం దగ్గర కనబడుతుంది చూడండి.

ఇక నా వైపు మార్పులు. కొలత ఏదైనా నోటితో మూడుసార్లు చెప్తున్నాను, సీసాతో చూపిస్తున్నాను, అంకె తెర మీద పెద్దగా వేస్తున్నాను. మాట వినబడాల్సిన చోట మ్యూజిక్ లేదు. అగ్నాస్త్రం పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాను. పాతది ఎవరి ఫోన్లోనైనా సేవ్ అయి ఉంటే దయచేసి తీసెయ్యండి, ముందుకి పంపొద్దు.

వచ్చే వారం ఘనజీవామృతం నిల్వ మీద వీడియో. పిన్నే చేసి చూపిస్తుంది, నేను కెమెరా పట్టుకుంటాను. మీ ఊళ్ళో అట్టముక్కల లాంటి ఉపాయాలు ఇంకేమైనా ఉంటే రాయండి. రాయడం కుదరనివాళ్ళు వాయిస్ పెట్టండి, తప్పకుండా వింటాను.