విమాన చక్రానికి కడచీల

పుష్యమాసంలో ఆదిలాబాదు ప్రాంతంలోని కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు ఎడ్లబండ్లపై తరలివస్తారు. అంత దూరం సాగే బండికి ఆధారం కడచీల. ఇరుసు కొనన ఉన్న రంధ్రంలో దూర్చే ఆ చిన్న చీలయే చక్రం ఊడిపోకుండా కాపాడుతుంది. దాని మర్మం కరీంనగర్, ఆదిలాబాదు పల్లెల్లోని వడ్రంగులకూ కమ్మరులకూ తెలుసు. చీల వదులైతే జారిపోతుంది. చక్రాన్ని బిగబట్టేటట్లు కొడితే ఎడ్ల మెడలు కందిపోతాయి.

ఈ చిక్కు విమానానికీ తప్పలేదు. 1980వ దశకంలో నాటి కరీంనగర్ జిల్లాలోని బసంత్‌నగర్‌కు వాయుదూత్ సంస్థ చిన్న విమానాలను నడిపింది. నేడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న ఆ విమానక్షేత్రానికి తరువాత రాకపోకలు నిలిచిపోయాయి. ఎగిరే విమానాన్ని తలయెత్తి చూసేవారి దృష్టి రెక్కలమీదనే నిలుస్తుంది. కాని అది నేలను తాకే క్షణాన ప్రయాణికుల ప్రాణాలు చక్రాలపైన, వాటిని పట్టి ఉంచే కొద్దిపాటి బోల్టులపైన ఆధారపడి ఉంటాయి.

శిక్షణకు వాడే సెస్నా వంటి చిన్న విమానపు చక్రం సాధారణంగా ఒకే ముక్కగా ఉండదు. తేలికైన లోహమిశ్రమంతో చేసిన రెండు అర్ధభాగాలను టైరుకు ఇరువైపులా చేర్చి బోల్టులతో కలుపుతారు. టైరులోని గాలి ఆ రెంటినీ విడదీయడానికి నిరంతరం ప్రయత్నిస్తూనే ఉంటుంది. అందుచేత గాలిని పూర్తిగా తీయనిదే ఈ బోల్టులను విప్పరాదు. ఈ నియమాన్ని విస్మరిస్తే చక్రభాగం ఎగిరివచ్చి ఎదుట కూర్చున్న మెకానిక్కునే బలిగొనగలదు.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే బోల్టు కొలతకు సరిపోవచ్చు, బలానికి సరిపోదు. కనుక చక్ర నిర్మాత పేర్కొన్న బోల్టునే వాడాలి. నట్టు ఎంపిక మరింత సున్నితమైనది. ప్రకంపనలకు వదులు కాకుండా, లోపల నైలాన్ వలయం గల నట్లను విమానాలలో విరివిగా వాడతారు. అయితే బ్రేకు పళ్లెం చక్రానికే అమరి ఉంటుంది. వెయ్యి కిలోల విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దిగిందనుకుంటే, అది ఆగేలోగా సుమారు మూడు లక్షల జౌళ్ల శక్తి హరించుకుపోవాలి. లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి అంత శక్తి చాలు! బ్రేకు గట్టిగా వేస్తే అందులో అధికభాగం ఆ పళ్లెంలోనే వేడిగా మారుతుంది. నైలాన్ నట్లకు నిర్దేశించిన హద్దు సుమారు 120 డిగ్రీల సెల్సియస్. అది దాటితే వలయం మెత్తబడి పట్టు కోల్పోతుంది. అందువల్ల బ్రేకు వేడి సోకే చోట పూర్తిగా లోహంతో చేసిన నట్లు అవసరమవుతాయి. రెండు రకాలలో ఏదైనా సరే, వేళ్లతోనే చివరికంటా తిరిగిపోయే నట్టును పారవేయవలసిందే.

ఎంత గట్టిగా బిగిస్తే అంత క్షేమమనుకోవడం పొరపాటు. బిగించినపుడు బోల్టు అతి సూక్ష్మంగా సాగుతుంది. సాగినది తిరిగి ముడుచుకోబోతూ చక్రభాగాలను అదిమి పడుతుంది. బిగింపు చాలకపోతే ఆ భాగాలు ఒకదానితో ఒకటి ఒరసుకొని, బోల్టు క్రమంగా అలసి విరుగుతుంది. మితిమీరితే మరలు చెడిపోతాయి. కొన్ని చక్రాలకు నిర్ణయించిన బిగింపు 150 అంగుళ పౌండ్లు, అనగా సుమారు 17 న్యూటన్ మీటర్లు. జానెడు పానా చివర దాదాపు తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత మాత్రమే! బలిష్ఠుడైన యువకుడు అనాలోచితంగా దీనిని దాటిపోగలడు. కాబట్టి చేతి అంచనాను నమ్మక, బలాన్ని కొలిచే టార్క్ రెంచిని వాడతారు.

ఇక్కడ మరొక మెలిక ఉంది. బిగించే శ్రమలో అత్యధికభాగం ఒరిపిడికే ఖర్చవుతుంది. మరలకు నూనె రాస్తే ఒరిపిడి తగ్గి, అదే కొలతకు బోల్టు మరింతగా సాగుతుంది. పొడిగా బిగించాలో, నూనెతో బిగించాలో నిర్మాత గ్రంథంలో చూసి తెలుసుకోవాలి. వరుసగా కాక, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే భాగాలు సమంగా అతుకుతాయి.

చక్రాన్ని ఇరుసుకు ఎక్కించిన తరువాత వచ్చేది అసలైన కడచీల. ఇరుసు నట్టును చక్రం తిప్పుతూ బిగిస్తారు. చక్రం ఊగకూడదు, తిరగడానికి అడ్డు ఉండకూడదు. ఆ స్థితి కుదిరాక నట్టు గాడిలోనుంచి ఇరుసు రంధ్రంలోకి మెత్తని లోహపు చీలను దూర్చి, దాని కొనలను విడదీసి వంచుతారు. ఒకసారి వంచిన చీలను మళ్లీ వాడరు; చక్రం విప్పిన ప్రతిసారీ కొత్తది వేస్తారు.