పది కేజీల కాయ... మూడేళ్లకో జాతర!

కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దని మన పెద్దాళ్లు చెబుతారు. ఉద్యోగం కోసం బ్రిస్బేన్ వచ్చాక, అదే మాట ఇక్కడ బోర్డు పెట్టి మరీ చెప్పడం చూశా. జనవరి నుంచి మార్చి దాకా, కొన్ని పార్కుల్లో ఓ చెట్టు కిందికి ఎవర్నీ పోనివ్వరు. మరి పైనుంచి పడేది ఫుట్‌బాల్ అంత కాయ! బరువు పది కేజీల దాకా ఉంటుంది. ఆ చెట్టు బున్యా పైన్.

పేరుకే పైన్. నిజానికి మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని కుండీల్లో పెట్టి అమ్మే అరకేరియాకి దగ్గర చుట్టం. సొంతూరు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. అక్కడి వానల అడవుల్లో 40 మీటర్ల దాకా ఎదుగుతుంది. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఆకు మాత్రం ముట్టుకోకండి, సూదే!

కాయలో 50 నుంచి 100 గింజలు. ఉడకబెట్టి తింటే నాకైతే పనస పిక్కలే గుర్తొచ్చాయి. మొలకెత్తే తీరు ఇంకా తమాషా. ముందు భూమిలోకి దిగి దుంప కడుతుంది, మొక్క బయటికొచ్చేది ఆ తర్వాతే. తేగల పాతర తెలిసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

సుమారు మూడేళ్లకోసారి చెట్టు విరగకాస్తుంది. బ్రిస్బేన్‌కి వాయవ్యంగా, కారులో మూడు గంటల దూరంలో ఉన్న బున్యా కొండల్లో ఆ ఏడు ఆదివాసీల జాతర జరిగేది. వక్కా వక్కా వంటి స్థానిక తెగలు కబురు పెడితే వందల కిలోమీటర్ల నుంచి నడిచి వచ్చేవాళ్లు. వారాల తరబడి తిండి, ఆటపాటలు, పెళ్లి సంబంధాలు, పాత తగాదాల పరిష్కారాలు. చెట్లకి హక్కుదారులుండేవారు, తండ్రి తర్వాత కొడుక్కి. చుట్టంగా వచ్చినవాడు అడక్కుండా కాయ కోయకూడదు.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి కథ. 1842లో న్యూసౌత్‌వేల్స్ గవర్నర్ జార్జ్ గిప్స్ ఓ ఉత్తర్వు ఇచ్చాడు. బున్యా చెట్లున్న నేలలో పశువుల మేతకి గానీ, కలప కొట్టడానికి గానీ ఎవరికీ లైసెన్సు ఇవ్వొద్దని. దొరల ప్రభుత్వం ఆదివాసీల తిండిచెట్టు కోసం భూమి వదిలిపెట్టిందా అని రెండుసార్లు చదివా. ఆ ముచ్చట ఎన్నాళ్లు? 1859లో క్వీన్స్‌లాండ్ వేరుపడింది. 1860లోనే కొత్త చట్టంతో ఆ రక్షణ ఎత్తేసింది. పశువులొచ్చాయి, తర్వాత రంపపు మిల్లులొచ్చాయి. ఆదివాసీలను రిజర్వులకు తరలించారు, పెద్ద జాతరలు ఆగిపోయాయి. 1908లో ఆ కొండల్ని జాతీయ పార్కు చేసేనాటికి చెట్ల హక్కుదారులు చాలామంది అక్కడ లేరు. చెట్టు శాస్త్రీయ నామంలో మాత్రం 1843లో నమూనాలు ఇంగ్లాండ్‌కి పట్టుకెళ్లిన బిడ్విల్ పేరుంది!

ఇప్పుడు గొడ్డలి భయం లేదు, మట్టితోనే భయం. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి వేళ్లని కుళ్లబెట్టి ఆ కొండల్లో చెట్లని ఎండబెడుతోంది. మన తమలపాకు తోటల్ని తినేసే తెగులూ ఈ జాతిదే. బూట్లకి, టైర్లకి అంటిన తడిమట్టితో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. లాంగ్ వీకెండ్ వస్తే కార్లేసుకుని కొండలకి బయల్దేరే మన తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే. బున్యా కొండలకి వెళ్తే ఇంటి దగ్గరే బూట్లు శుభ్రంగా కడుక్కుని వెళ్లండి. నడకదారి మొదట్లో బ్రష్షు కనిపిస్తే ఫొటో దిగి వదిలేయకుండా మళ్లీ రుద్దండి. పిల్లల చెప్పులు కూడా.