బాలల పుస్తకములు – దంపతుల జంటపని

షోలాపురమున చేతిమగ్గములు విరివిగా నడచిన దినములలో పద్మశాలీల యింట నేతపని ఒక్కరిది కాదు. ఇల్లాలు కండెలు చుట్టెడిది, మగడు నేసెడివాడు. కండె అందనిచో మగ్గము నిలిచెడిది. అయినను నేతగాడను పేరు మగనికే దక్కెను. బాలల పుస్తకరచనయు ఇట్టి జంటపని కాగలదని, అందు ఇద్దరి పేర్లును నిలువవలెనని చూపిన దంపతులు కలరు.

నార్వే దేశీయురాలగు ఇంగ్రి, మ్యూనిక్ నగరమున జన్మించిన ఎడ్గార్ పారిన్ డోలేర్ 1925లో వివాహమాడిరి. అమెరికాకు వలసవెళ్ళి, 1931 మొదలు బాలల పుస్తకములను కలసి వ్రాసి, కలసి చిత్రించిరి. వాషింగ్టన్, లింకన్, ఫ్రాంక్లిన్, కొలంబస్ మున్నగువారి చరిత్రలు వరుసగా వెలువడినవి. వారు బొమ్మలను ముద్రణశిలలపై స్వయముగా గీసెడివారు; ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క శిల. జకార్డు నమూనాను గళ్ళకాగితముపై గీసి, అట్టలకు రంధ్రములు కొట్టు మనవారికి ఆ ఓర్పు ఎట్టిదో తెలియును. లింకన్ చరిత్రకై ఆయన తిరిగిన సీమలలో గుడారము వేసికొని సంచరించిరి. ఆ గ్రంథమునకు 1940లో కాల్డెకాట్ పతకము లభించెను.

తెలుగునాట ఇట్టి జంటకృషికి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నిదర్శనము. చిత్రకారులు కాకున్నను, వీరు మద్రాసు ఆకాశవాణిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలకు ఆప్తులైరి. 1945లో ‘బాల’ మాసపత్రికను స్థాపించిరి. బాపు బొమ్మలు, ముళ్ళపూడి వెంకటరమణ తొలికథ అందే వెలుగుచూచినవి. రాఘవరావు జన్మస్థలము ఒడిశాలోని బరంపురము. తెలుగునేల అంచున పుట్టినవాడే తెలుగు బాలలకందరకు అన్నయ్య అయ్యెనన్నది పొరుగు రాష్ట్రములందలి మనకు స్మరణీయము.

షోలాపురపు తెలుగు బిడ్డ ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాటలాడును. ఇట్టివారిలో పెక్కుమందికి మాట వచ్చును, లిపి రాదు. మాటకును లిపికిని నడుమ వంతెన బొమ్మయే. కండె బొమ్మను చూచిన బిడ్డ ఒకరు చెప్పకయే ‘కండె’ యనును. క్రిందనున్న రెండక్షరములు ఆ మాటయే యని అప్పుడు గ్రహించును. ఎఱుగని వస్తువు బొమ్మయైనచో మాటయు, అక్షరమును రెండును క్రొత్తవే యగును. బిడ్డ పుస్తకము మూయును. కావున వరిచేలు, తాటితోపులు గల పుస్తకములు ఎంత మంచివైనను, మగ్గము, రాట్నము, చద్దరు, సిద్ధేశ్వరుని చెరువు గల పుస్తకములును వానికి కావలెను.

ఇవి అసాధ్యములు కావు. చద్దరుపై నెమలిపింఛము దిద్దిన చేయి బాలల బొమ్మలును గీయగలదు. బిడ్డతో దినమెల్ల తెలుగు మాటలాడు తల్లి ఆ బొమ్మకు తగిన మాట చెప్పగలదు. ఒక ఇంట ఒక దంపతుల జంట పది బొమ్మలతో ఆరంభించినను చాలును. అట్టి పుస్తకము వెలువడు నాడు, కండె చుట్టినవారి పేరును నేసినవారి పేరును అట్టపై ప్రక్కప్రక్కనే ఉండవలెను.