ఏడడుగుల ఆటగాడు ఎక్కడ నిలబడాలి?

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కరీం అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్లు చేశాడు. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. అతను ఆడిన 20 సీజన్లలో చివరి పదింటిలో, బయటి నుంచి వేసిన బంతి పడితే మూడు పాయింట్లిచ్చే గీత ఉంది. ఆ పదేళ్ళలో గీత అవతలి నుంచి అతను వేసినవి 18 షాట్లు, పడింది ఒక్కటి. ఇప్పుడు శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఆడుతున్న ఫ్రెంచి కుర్రాడు విక్టర్ వెంబన్యామా ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. 2024-25 సీజన్‌లో ఒక్కో మ్యాచ్‌కి సగటున దాదాపు 9 సార్లు ఆ గీత బయటి నుంచి షాట్ వేశాడు. కరీం పదేళ్ళలో చేసిన ప్రయత్నాలు ఇతనికి రెండు మ్యాచ్‌ల పని.

నలభై ఏళ్ళలో మనిషి ఒంటి తీరు మారిపోదు. రింగ్ కూడా అప్పటిలాగే 10 అడుగుల ఎత్తులోనే ఉంది. అయినా పొడుగువాడు నిలబడే చోటు మారిపోయింది. దానికి కారణాలు కొన్ని నియమాల పుస్తకంలో ఉన్నాయి, కొన్ని లెక్కల్లో ఉన్నాయి, మిగతావి మన ఎముకల్లో, కండరాల్లో ఉన్నాయి.

బాస్కెట్‌బాల్‌లో బిగ్ మ్యాన్ అంటే సెంటర్, అతనికి తోడుగా ఆడే పవర్ ఫార్వర్డ్. తరాల తరబడి వాళ్ళ పని రింగ్ కిందే. వీపుతో అవతలివాణ్ణి నెట్టుకుంటూ చోటు సంపాదించాలి, బంతిని నడిపే గార్డు అందించిన బంతిని దగ్గర్నుంచి వేయాలి, పడని బంతిని రీబౌండ్ పట్టాలి, అవతలి జట్టు షాట్లను బ్లాక్ చేయాలి. అక్కడ వాళ్ళను ఆపడం ఎంత కష్టమైందంటే, అందుకోసం నియమాలనే పదే పదే మార్చారు. జార్జ్ మైకన్, బాబ్ కర్లాండ్ లాంటివాళ్ళు రింగ్‌లోకి దిగుతున్న బంతిని అంచు దగ్గరే కొట్టేస్తుంటే, 1944లో అమెరికా కాలేజీ ఆటలో దాన్ని నిషేధించారు. రింగ్ ముందుండే గడిలో దాడి చేసే ఆటగాడు 3 సెకన్లకు మించి నిలబడకూడదు. మైకన్ ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చాక, 1951లో ఆ గడి వెడల్పును 6 అడుగుల నుంచి 12కి పెంచి అతన్ని రింగ్‌కి దూరం జరిపారు. విల్ట్ చాంబర్లీన్ 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. 1964లో ఆ వెడల్పు 16 అడుగులైంది. కరీం కాలేజీలో ఉన్నప్పుడు, 1967లో, కాలేజీ ఆటలో డంక్‌నే, అంటే ఎగిరి బంతిని రింగ్‌లోకి నేరుగా దించడాన్నే, ఆపేశారు. 1976లో గానీ మళ్ళీ అనుమతించలేదు.

ఇన్ని చేసినా పొడుగువాడు రింగ్‌ని వదల్లేదు. అతన్ని కదిలించినవి వేరే రెండు మార్పులు. 1979లో ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత వచ్చింది. రింగ్‌కి ఎదురుగా 7.24 మీటర్లు, మూలల్లో 6.7 మీటర్ల దూరం. ఆ తర్వాత 2001-02లో జోన్ డిఫెన్స్‌కి అనుమతిచ్చారు. అంతకుముందు ఎవరి మనిషిని వాళ్ళే కాసుకోవాలి. కొత్త నియమంతో, రింగ్‌కి వీపు పెట్టి బంతి కోసం నిలబడ్డ సెంటర్ చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరిపోవచ్చు. దగ్గర్నుంచి వేసే షాట్ కష్టమైంది. దూరం నుంచి వేసే షాట్ విలువ మాత్రం కూడికలు, గుణకారాలతో తేలిపోతుంది. రెండు పాయింట్ల షాట్ సగం సార్లు పడితే షాట్‌కి సగటున 1 పాయింటు వస్తుంది. మూడు పాయింట్ల షాట్ నూటికి 35 సార్లే పడినా సగటు 1.05. ఈ చిన్న లెక్క ఆటలోకి ఎక్కడానికి ముప్పై ఏళ్ళు పైనే పట్టింది. 1979-80లో ఒక జట్టు మ్యాచ్‌కి వేసిన మూడు పాయింట్ల షాట్లు సగటున మూడు కూడా లేవు. 2024-25లో అవి 37 దాటాయి.

ఆ లెక్క బలం పుంజుకుంటున్న రోజుల్లో బిగ్ మ్యాన్ కాలం చెల్లిందని చాలామంది నమ్మారు. 2012లో ఆల్‌స్టార్ ఓటింగ్ పత్రంలోంచి సెంటర్ అనే విభాగాన్నే తీసేశారు. 2015లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 6 అడుగుల 6 అంగుళాల డ్రేమండ్ గ్రీన్‌ను సెంటర్‌గా దింపి కప్పు గెలిచింది. 2020 ఫిబ్రవరిలో హ్యూస్టన్ రాకెట్స్ తన సెంటర్ క్లింట్ కపేలాను వదులుకుని, 6 అడుగుల 5 అంగుళాల పీ.జే. టక్కర్‌తో ఆ చోటు నింపింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లోనే లేకర్స్ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయింది. ఆ తర్వాత వరసగా నాలుగేళ్ళు, 2021 నుంచి 2024 దాకా, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు సెంటర్లకే దక్కింది: మూడుసార్లు నికోలా యోకిచ్, ఒకసారి జోయెల్ ఎంబీడ్. అంతకుముందు ఒక సెంటర్‌కి అది వచ్చింది 2000లో, షకీల్ ఓనీల్‌కి.

ఈ మార్పుకి నాకు కనిపించే గట్టి సాక్ష్యం మాత్రం వీళ్ళెవరూ కాదు, బ్రూక్ లోపెజ్. ఈ ఏడడుగుల సెంటర్ తొలి ఎనిమిది సీజన్లలో కలిపి వేసిన మూడు పాయింట్ల షాట్లలో పడినవి మూడంటే మూడు. తొమ్మిదో సీజన్‌లో, 28 ఏళ్ళు నిండాక, 134 పడ్డాయి. ఒక్క ఏడాదిలో చేతుల్లోకి కొత్త నరాలు రావు. ఆ నైపుణ్యం అతనిలో ఉంది, అంతవరకూ ఎవరూ దాన్ని అడగలేదు.

ఎత్తు దూరపు షాట్‌కి ఎంత సాయం చేస్తుందో లెక్కేసి చూడవచ్చు. ఒక గార్డు చేతిని బంతి 2.2 మీటర్ల ఎత్తులో వీడుతుందనీ, ఏడడుగులు దాటినవాడి చేతిని 2.8 మీటర్ల ఎత్తులో వీడుతుందనీ అనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 7.24 మీటర్ల దూరంలో ఉన్న 3.05 మీటర్ల ఎత్తు రింగ్‌ని చేరడానికి గార్డు బంతికి సెకనుకు కనీసం 8.9 మీటర్ల వేగం ఇవ్వాలి. పొడుగువాడికి 8.6 చాలు. అంత వేగంతో వెళ్ళిన గార్డు బంతి 42 డిగ్రీల వాలుతో రింగ్‌లోకి దిగుతుంది, పొడుగువాడిది 44 డిగ్రీలతో. వాలు ఎంత నిటారుగా ఉంటే బంతికి రింగ్ అంత వెడల్పుగా కనబడుతుంది. రింగ్ వ్యాసం 18 అంగుళాలు, బంతిది సుమారు తొమ్మిదిన్నర. 42 డిగ్రీల దగ్గర బంతికి దొరికే దారి 12 అంగుళాలు, 44 దగ్గర పన్నెండున్నర. లాభం ఉంది గానీ కొద్దిపాటిదే. అసలు లాభం ఎదురుగా ఉన్న డిఫెండర్ చెయ్యి ఆ ఎత్తుకి చేరకపోవడం.

అంతకంటే పెద్ద ఫలితం బంతి చేతిలో లేనప్పుడు వస్తుంది. సెంటర్ గీత బయటికి వచ్చి నిలబడితే, అతన్ని కాసే అవతలి జట్టు పొడుగువాడు కూడా వెంట రావాలి. రింగ్‌కి కాపలా ఉండాల్సిన మనిషి ఏడు మీటర్ల దూరంలో చిక్కుకుపోతాడు, మధ్యలో ఖాళీ అయిన చోటులోంచి గార్డు నేరుగా రింగ్ దాకా వెళ్ళిపోతాడు. సెంటర్ వేసే షాట్లు నూటికి 35 పడుతున్నాయా 37 పడుతున్నాయా అన్నదానికంటే ఈ ఖాళీ విలువైనదని నా అభిప్రాయం.

ఇక శరీరం సంగతి. ఒక ఆకారాన్ని అదే పోలికతో పెంచుకుంటూ పోతే బరువు ఘనంలో పెరుగుతుంది, దాన్ని మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం వర్గంలోనే పెరుగుతుంది. గెలీలియో 1638లోనే దీన్ని రాశారు. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926 నాటి ఒక వ్యాసంలో సామాన్య పాఠకులకు విప్పి చెప్పారు.

ఆ సూత్రాన్ని వెంబన్యామాకి అన్వయిద్దాం. 1.85 మీటర్ల ఎత్తు, 85 కిలోల బరువున్న ఆటగాణ్ణి అదే పోలికతో 2.24 మీటర్లకు పెంచితే ఎత్తు 1.21 రెట్లవుతుంది, బరువు 1.77 రెట్లయి 150 కిలోలు దాటుతుంది. ఎముక వైశాల్యం పెరిగేది 1.47 రెట్లే. జట్టు జాబితాలో వెంబన్యామా బరువు 235 పౌండ్లు, అంటే 107 కిలోలకు కాస్త తక్కువ. చూసినవాళ్ళు అయ్యో ఇంత సన్నగా ఉన్నాడే అంటారు గానీ, ఆ సన్నదనమే అతని ఎముకల మీద భారం తగ్గిస్తోంది.

కదలికకూ ఇదే వర్తిస్తుంది. అదే పోలికతో పొడుగైన కాలిని తిప్పాలంటే దాని జడత్వ భ్రామకం పొడవు ఐదో ఘాతంలో పెరుగుతుంది, కండరం ఇచ్చే టార్క్ మూడో ఘాతంలోనే పెరుగుతుంది. 1.21 రెట్లు పొడవైన కాలు వేగం అందుకోవడంలో మామూలు కాలితో పోలిస్తే మూడింట రెండు వంతుల చురుకే చూపించగలదు. పాత తరం భారీ సెంటర్లు దిశ మార్చేటప్పుడు నెమ్మదిగా కనిపించింది సోమరితనం వల్ల కాదు. సన్నటి అవయవాలకు ఈ జరిమానా తగ్గుతుంది. కాకపోతే సన్నటివాణ్ణి రింగ్ కింద 130 కిలోలవాడు తేలిగ్గా నెట్టేస్తాడు. ఒకప్పుడు ఆట అంతా ఆ నెట్టుకోవడంలోనే ఉండేది కాబట్టి సన్నటి పొడుగువాడికి విలువ తక్కువ. గీత బయటికి ఆట జరిగాక అతని శరీరానికి తగిన పని దొరికింది.

డిఫెన్స్‌లో అతని ఆయుధం చేతులు. వెంబన్యామా బారజాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 8 అడుగులు. షూటర్‌కి రెండడుగుల ఎడంగా నిలబడ్డా చెయ్యి అందుతుంది కాబట్టి, మోసపోయి ముందే ఎగరాల్సిన పని లేదు. మొదటి సీజన్‌లోనే మ్యాచ్‌కి 3.6 బ్లాకులతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. తొలి ఏడాదే ఆల్ డిఫెన్సివ్ మొదటి జట్టులో చోటు సంపాదించినవాడు అతనికి ముందు ఎవరూ లేరు. అతన్ని చూసి వేయకుండానే వెనక్కి లాక్కున్న షాట్లు ఏ పట్టికలోనూ ఎక్కవు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది ఈ కుర్రాళ్ళ పాదాలు. ఎదిగే వయసులో ఎముక ముందు పొడుగు సాగుతుంది, ఖనిజాలు చేరి గట్టిపడటం కొన్ని నెలలు వెనకబడి జరుగుతుంది. ఎన్‌బీఏలో చేరడానికి మాత్రం ఆ ఏడాదిలో 19 నిండితే చాలు. ఎగిరి దిగిన ప్రతిసారీ పాదం మీద శరీర బరువుకి కొన్ని రెట్ల బలం పడుతుంది. పాత సెంటర్ రింగ్ చుట్టూ తిరిగేవాడు. ఇప్పటి సెంటర్ గీత దాకా పరుగెత్తి, గార్డుకి ఎదురు నిలిచి, మళ్ళీ రింగ్ దగ్గరికి వచ్చి ఎగరాలి. పాదం మధ్యలో పడవ ఆకారంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. దాని నడిమి భాగానికి రక్త సరఫరా తక్కువ, అందుకే అక్కడ వచ్చిన పగులు తొందరగా మానదు. చైనా నుంచి వచ్చిన 7 అడుగుల 6 అంగుళాల యావ్ మింగ్ పాదం పగుళ్ళతోనే 2011లో, 30 ఏళ్ళకే ఆట మానేశాడు. ఎంబీడ్ 2014లో, జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందే నావిక్యులర్ ఎముక విరిగి, మొదటి రెండు సీజన్లూ ఆడలేదు. ఓక్లహోమా సిటీ కుర్రాడు చెట్ హోమ్‌గ్రెన్‌కి 2022లో పాదం గాయంతో మొదటి సీజన్ మొత్తం పోయింది. 2007 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చిన గ్రెగ్ ఓడెన్ మోకాళ్ళు అతన్ని 105 మ్యాచ్‌లకు మించి ఆడనివ్వలేదు. వెంబన్యామాను అతని తొలి సీజన్‌లో స్పర్స్ 48 నిమిషాల ఆటలో సగటున 30 నిమిషాల లోపే ఆడించింది. టికెట్ కొన్నవాళ్ళకు నిరాశ కలిగి ఉండొచ్చు గానీ, ఆ నిర్ణయం సరైనదే.

ఇప్పుడు ఆట మరో అడుగు వేసింది. ఒక పొడుగువాడు బయటి నుంచి షాట్ వేయగలిగితే, రింగ్ దగ్గర రెండో పొడుగువాడికి చోటు మిగులుతుంది. 2025లో కప్పు గెలిచిన ఓక్లహోమా సిటీ హోమ్‌గ్రెన్‌తో పాటు ఐజయా హార్టెన్‌స్టైన్‌ని కూడా ఆడించింది. ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో హోమ్‌గ్రెన్ 5 బ్లాకులు చేశాడు. క్లీవ్‌లాండ్‌లో జారెట్ అలెన్ పక్కన ఆడే ఎవాన్ మోబ్లీ అదే సీజన్‌లో అత్యుత్తమ డిఫెండర్ అయ్యాడు.

మన దేశం సంగతికొస్తే, పంజాబ్ పల్లె నుంచి వెళ్ళిన 7 అడుగుల 2 అంగుళాల సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. రింగ్ కింద ఆడే భారీ శరీరంతో అతను అక్కడికి చేరిన ఏడాదే వారియర్స్ పొట్టి సెంటర్‌తో కప్పు ఎత్తింది. పదేళ్ళు ముందు పుట్టి ఉంటే అతని దారి వేరుగా ఉండేదేమో అనిపిస్తుంది.

మన బడుల్లో పీఈటీ మాస్టార్లకు, టీచర్లకు ఒక విన్నపం. తొమ్మిదో తరగతికే అందరికంటే జానెడు పొడుగు పెరిగిన పిల్లవాడో పిల్లో మీ జట్టులో ఉంటే, రింగ్ కింద నిలబెట్టి చేతులెత్తి ఉంచమనకండి. మిగతా పిల్లలతో పాటే డ్రిబ్లింగ్, పాసింగ్, దూరపు షాట్ నేర్పండి. పాదం మధ్యలో నొప్పి అని వాళ్ళు రెండు వారాలుగా అంటుంటే ఆట ఆపించి, ఎముకల డాక్టరుకి చూపించండి.