మామిడి టెంక జావ



మొన్న భోజనాల దగ్గర ఒకడు నన్ను "ఒరేయ్ టెంకలు తినేవాడా" అని పిలిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. టెంకలు ఎందుకు తింటామో, ఎలా తింటామో తెలియకే నవ్వారు గనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది పాపికొండల్లో గోదావరి ఒడ్డున చిన్న కొండరెడ్ల ఊరు. లాంచీల్లో వచ్చే టూరిస్టులు మా వెదురు తడికల ఇళ్ళకు ఫోటోలు తీసుకుంటారు. మాకు వేరే భాష లేదు, తెలుగే. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఈ కొండల్లో మావాళ్ళ మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది.

మా వ్యవసాయం పోడు. ఎండాకాలంలో పొదలు నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాలుస్తారు. ఆ బూడిదే ఎరువు. తొలకరికి సామ, కొర్ర, జొన్న, కంది వేస్తారు. పంట ఇంటికొచ్చేసరికి వానాకాలం అయిపోవస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో ఇంట్లో గింజ ఉండదు, వాగులు పొంగి సంతకు దారీ ఉండదు. అప్పుడు ఆదుకునేవి మామిడి టెంక, జీలుగు మాను లోపలి పిండి. (జీలుగు కల్లు సంగతి రాయొద్దని మాస్టారు చెప్పారు, రాయను.) ఇప్పుడు రేషన్ బియ్యం ఉన్నాయి. అయినా మా మామ్మ ఏటా టెంకలు దాస్తుంది.

ముందు టెంకలు ఎండలో బాగా ఎండాలి. తర్వాత రాతితో పగలగొట్టి లోపలి జీడి తీసి మళ్ళీ ఎండబెట్టి, పొయ్యి మీద అటకపై గంపలో పెడతారు. పొగ తగిలితే పురుగు పట్టదు. కావలసినప్పుడు దంచి, ఆ పిండిని మూటకట్టి పారే వాగు నీళ్ళలో ఉంచుతారు. టీలో ఉండే వగరు లాంటిదే, టానిన్, నీళ్ళలో పోతుంది. వగరు పోయిందా లేదా అని మామ్మ నాలుక మీద వేసుకుని చెబుతుంది. తర్వాత జావ కాస్తారు. ఉప్పు వేస్తే బాగుంటుంది, నిజంగా.

ఎండబెట్టడంలో అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదకి వస్తుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బూజు పట్టిన టెంకల జావ తాగి పలువురు గిరిజనులు చనిపోయారు.

మామిడి పండుగ చేసి దేవతకు పెట్టేదాకా మా ఊళ్ళో ఎవరూ కొత్త కాయ కోయరు. నేను దొంగతనంగా కోసి దెబ్బలు తిన్నాను. ఎందుకమ్మా అంటే "లేత కాయలో టెంక ముదరదు, వానాకాలం నీ కాయ తింటావా?" అంది మామ్మ.

ఇటలీలో కొండ ఊళ్ళ రైతులు కూడా చెస్ట్‌నట్ కాయల్ని పొగమీద ఎండబెట్టి, పిండి పట్టించి చలికాలమంతా తినేవారు. ఆ చెట్టును 'రొట్టె చెట్టు' అనేవారు. వాళ్ళను ఎవరు ఏమని పిలిచేవారో!

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా ఇంట్లోకి నీళ్ళొస్తే అమ్మ బియ్యం డబ్బా ఎత్తేలోపే తడిసిపోయింది. మామ్మ టెంకల గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. పడవ వచ్చేదాకా మేమూ, పక్కింటివాళ్ళూ తాగింది ఆ జావే.

పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ నీళ్ళు నిలిస్తే మా ఊరు మునుగుతుంది. మాకు చూపించిన కాలనీలో ఇళ్ళు గట్టివే, కరెంటూ ఉంది. మామిడి చెట్టు లేదు, వాగు లేదు. మామ్మ ఇల్లు చూడలేదు, ముందు "నీళ్ళు ఎటు పారతాయి?" అని అడిగింది. ఈ వేసవిలో దాచిన టెంకల్లో కొన్ని పగలగొట్టకుండా పక్కన పెట్టింది, అక్కడ నాటడానికి. టెంక మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది.

కోయ మిత్రులారా, మీ ఊళ్ళో వగరు ఎలా తీస్తారో కాగితం మీద రాసి నాకివ్వండి. వచ్చే నెల పత్రికలో వేద్దాం.