ముదిమి వ్యాధులు: వంశము పాలెంత, పరిసరముల పాలెంత?

“మా నాయనకు చక్కెర జబ్బు ఉండెను, నాకును వచ్చినది, తలవ్రాత” అను మాట గ్రామములలో తరచు వినబడుచుండును. రక్తపోటు, గుండె జబ్బు, పక్షవాతము మొదలగు వయసుతో వచ్చు వ్యాధులన్నిటిని గూర్చియు మనవారి అభిప్రాయమిదియే. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయితే ఎంత నిజమో తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు అవసరము. ఏలయన మిగిలిన దానిలో చాల భాగము గ్రామము చేతిలోనిది.

మధుమేహమునే తీసికొందము. భారత వైద్య పరిశోధన మండలి వారి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశమున పది కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి కలదు. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు. ఇరువురికి ఉన్నచో మరింత హెచ్చు. కాని సికిల్ సెల్ వ్యాధివలె ఇది ఒక్క జన్యువు చెడుటచే వచ్చునది కాదు. వందలకొలది జన్యు భేదములు ఒక్కొక్కటి రవంత చొప్పున ప్రమాదమును పెంచును. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి మధుమేహము వచ్చి రెండవవారికి రాకపోవుటయు కలదు. విత్తనమొక్కటే అయినను రెండు చేల పంట ఒక్క రీతి నుండదని రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంటిలో వరుసగా కనబడునదెల్ల వంశముచే వచ్చినది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతముల పల్లెలలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని త్రాగు అలవాటు కలదు. దీనినే అడ్డపొగ యందురు. ఆ వేడికి, పొగకు అంగిలి చెడి కాన్సరు రావచ్చును. తల్లికి వచ్చిన జబ్బు కూతురికిని వచ్చినచో జనులు వంశమని తలతురు. కూతురికి తల్లినుండి సంక్రమించినది చుట్ట.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి హైదరాబాదు సమీప గ్రామములలో తేలినది. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థవారు 29 గ్రామములను పరిశీలించిరి. వానిలో 15 గ్రామములందు గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు దినమునకొకసారి మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా అంగన్‌వాడీ పథకము క్రింద ఈయబడెను. మిగిలిన 14 గ్రామములకు ఆ పథకము ఇంకను రాలేదు. 2003-05 సంవత్సరములలో, ఆ బిడ్డలు 13-18 ఏండ్ల ప్రాయమునకు వచ్చిన పిమ్మట, రెండు వర్గముల గ్రామములనుండి 1,165 మందిని పరీక్షించిరి. ఉప్మా పెట్టిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు హెచ్చియుండిరి. అది యటుండనిండు, వారి దేహములలో ఇన్సులిన్ మెరుగుగా పనిచేయుచుండెను, రక్తనాళముల బిరుసుదనము తక్కువగా నుండెను. అందరును ఇరుగుపొరుగు గ్రామములవారే. తేడా చిన్నదే, నాటికి వారు పసివయసువారు గనుక ముదిమిలో ఏమగునో ఆ పరీక్ష చెప్పజాలదు. అయినను మధుమేహమునకు, గుండె జబ్బునకు తొలిమెట్లు ఈ రెండే.

కడుపులో నుండగా ఆహారము చాలని శిశువు మెదడును కాపాడుకొనుటకై క్లోమము, మూత్రపిండములు మున్నగువానికి తక్కువ పంచునని శాస్త్రజ్ఞుల ఊహ. అట్టివాడు పెరిగి, పని తగ్గి తిండి హెచ్చినప్పుడు ఆ బలహీనమైన క్లోమము చాలదు.

పెద్దవారి విషయమున సమయము మించినదని నిరాశ పడనక్కరలేదు. మధుమేహపు అంచున నున్నవారిపై చెన్నై వైద్యులు జరిపిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడినవి. సాధారణ సలహాతో వదలిన వారిలో మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. నిత్యము నడకయు, ఆహార నియమమును పాటింపజేసిన వారిలో 39 మందికి మాత్రమే వచ్చెను.

కావున పంచాయతీ సమావేశములలో అంగన్‌వాడీ ప్రస్తావన వచ్చినప్పుడు గుడ్ల లెక్క చూచుటతో సరిపెట్టరాదు. గర్భిణులలో ఎందరు కేంద్రమునకు వచ్చి భుజించుచున్నారు, ఎందరి పాలు ఇంటికి పోయి నలుగురి పళ్లెములలో పంపకమగుచున్నది అని విచారింపవలెను. పుట్టిన బిడ్డ బరువు రెండున్నర కిలోలకు తక్కువైనచో ఆ ఇంటిని గుర్తుంచుకొనవలెను. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రములందు ఉచితముగా చేయుదురు. నాట్లు, కోతల రోజులలో ఎవరును రారు గనుక, పని తగ్గిన నెలలో ఒక దినము నిర్ణయించి ముందుగా దండోరా వేయించుట మేలు.